గండిలో పూలడిగిన శనివారం

ప్రొద్దుటూరులో రేష్మా వాళ్ల పెరడు. ఆదివారం పొద్దున, ఇంకా ఎండ ముదరలేదు. గోడవతల భువన నాయన ఓబయ్య మేకల దొడ్డి.

"రెండింట్లోనూ తెల్లవే పెట్నావా మే భువనా? ఒట్టు?"

"నీ మింద ఒట్టు రేష్మా. ఈ చేతుల్తోనే కట్నా. రెండు అరిటాకు పొట్లాలు, రెండింట్లోనూ మీ చెట్టు తెల్ల మందారమే."

"నా మిందెందుకు ఒట్టేస్తావు, నీ మింద ఏసుకో. మల్ల మొదట్నుంచి చెప్పు. తెల్ల పువ్వొస్తే పులివెందుల మధు. ఎర్ర పువ్వొస్తే జమ్మలమడుగులో మీ అత్త కొడుకు. అంతేనా మీ నాయన మొక్కింది?"

"అంతే. 'గండి ఆంజనేయసామి ఏ పువ్విస్తే ఆ పిల్లోనికే ఇస్తా, మల్ల మాట మార్చేది లే' అన్యాడు. 'తెల్లది రేష్మా వాళ్లింట్లో కోసుకో, ఎర్రది మన దొడ్డి కాడ కోసుకో, తలా ఒక పొట్లంలో కట్టు' అని నాకు చెప్పినాడు."

"నీకా? పెండ్లీ నీదే, పొట్లాలు కట్టేదీ నువ్వేనా?"

"మా నాయన శానా అమాయకుడు మే. మేకల మొగాలు చూసి చూసి మనిషి మొగం చూసేది మర్చిపోయినాడు."

"ఆ అమాయకుని కూతురు మాత్రం సామికే టోపీ పెట్టింది."

"టోపీ ఏంది? సామికి పని తగ్గించినా. రెండూ తెల్లవే అయితే ఆయప్ప ఆలోచించే పనే లేదు కదా."

"తౌబా తౌబా! ఊ, తర్వాత?"

"తర్వాతేముంది. తొలి బస్సుకే పోయినాము. పోంగానే అడిగేసి రావచ్చు కదా! 'ముందు ఏట్లో మునగాల' అన్యాడు, మునిగినాడు. 'ముందు అన్నం తినాల' అన్యాడు, తిన్యాడు. తినేసి నీడకు పండుకోని గురక పెట్నాడు. మాపు దీపాలు పెట్టినంక లేసి, సామి ముందర పొట్లాలు రెండూ పెట్టి, సింహాద్రిపురం నుంచి వచ్చిన ఎవరో ముసిలామెను పిల్చి, 'కండ్లు మూసుకోని ఒకటి తీయవ్వా' అన్యాడు."

"తీసిందా?"

"తీసింది. నేను లోపల్లోపల నవ్వుకుంటాండా. ఏది తీస్తే ఏంది, రెండూ నావే కదా అని. విప్పితే ఎర్రగుండాది రేష్మా! ఎర్రగా, కుంకం మాదిరి! కండ్లు మూస్తా, తెరుస్తా, మల్ల ఎరుపే."

"రెండోది విప్పినారా?"

"విప్పలే. విప్పింటే నా బండారం బయటపడేది. 'ఇది చాల్లే' అని మా నాయన రెండోది పాపాఘ్ని ఏట్లో పారేసినాడు. ఇంగ ఈ పొద్దో రేపో మా అత్తకు ఫోన్ చేస్తాడు. మా అత్తకు ఇంత గొర్రెల మంద ఉండాది. ఆ మందలో మా బావ కూడా ఒకడు."

"పాపం, అట్లనగాకు. మంచోడంట కదా."

"గొర్రె కూడా మంచిదే. అయ్యో, నిన్న రాత్రి నుంచి నీకు ఫోన్ మింద ఫోన్ చేస్తాండా, ఎత్తవేంది?"

"ఛార్జింగు లే."

"రింగయితాండాది మే. ఛార్జింగు లేకుంటే రింగెట్లవుతాది?"

"తలనొప్పి."

"ఛార్జింగా, తలనొప్పా?"

"రెండూ."

"రేష్మా, నా మొగం చూసి చెప్పు."

"చెప్తా. తిట్టగాకు."

"తిట్టను."

"కొట్టగాకు."

"అది విన్యాక చూద్దాం."

"నిన్న రాత్రి అంగట్లో పనయిపోయి ఇంటికొచ్చినా. చీకటి. చెట్టు కాడ ఏందో తేడాగా ఉంటే సెల్లు లైటేసి చూసినా. చెట్టు నిండా ఎర్రపూలు."

"యా చెట్టు?"

"ఈ చెట్టే. పొద్దున నీకు తెల్లవి కోసిచ్చిన ఈ చెట్టే."

"కల్లు గిన తాగినావా?"

"అల్లా మింద ఒట్టు! చెట్టు కొత్తది కదమే. పోయిన చలికాలం మా అమ్మి నర్సరీలో తెచ్చి నాటింది. ఈ వారమే పూత పట్టింది. నేను పొద్దున పోతే రాత్రికి వస్తా. అమ్మి చూస్తే మా అక్క షాహిస్తా కాన్పుకని వీరపునాయునిపల్లెలో కూచునింది. మధ్యాన్నం దీని మొగం చూసినోళ్లు ఎవరుండారు? నాకు బయమేసి రాత్రే అమ్మికి ఫోన్ చేస్తే పకపకా నవ్వుతాది. 'దాని గుణమే అంత బేటా, తెల్లగా పూసి మాపటికి ఎర్రగా తిరుగుతాది. నర్సరీ ఆయన అప్పుడే చెప్పినాడు, నీకు చెప్పేది మర్చిపోయినా' అంటాది."

"మర్చిపోయిందా! నా పెండ్లిని మర్చిపోయింది మీ అమ్మి!"

"ఇదో, ఈ కొమ్మ చూడు. ఈ ముడుచుకున్నెవి నిన్నటివి, ఎర్రగుండాయి. పక్కనే ఇవి ఈ పొద్దువి, తెల్లగుండాయి."

"అవునే! అంటే... అంటే సామి మధును వద్దనలేదా?"

"సామి ఏమీ అనలే. నువ్వు మాట్లాడనిస్తే కదా."

"అంటే రెండు పొట్లాలూ మాపటికి ఎర్రవే అయిపోయినాయి. నా పెండ్లికి నేనే, ఈ చేతుల్తోనే నిప్పు పెట్టుకున్యా!"

"కొంచెం నేను గూడా. పూలు కోసిచ్చింది నేనే కదా."

"మధు పాపం నిన్నంతా ఒక్కపొద్దుండాడు మే. అంగట్లో డ్రిప్పు పైపులు కోస్తా కూడా హనుమంతా హనుమంతా అనుకుంటా ఉండాడంట."

"అసలు మధు అంటే మీ నాయనకెందుకంత మంట?"

"వాళ్లు గొర్రెలన్నీ అమ్మేసి అంగడి పెట్టుకున్యారు కదా. 'గొర్రెల్నే సాకలేనోళ్లు నా బిడ్డనేం సాకుతారు' అంటాడు."

"పోయి నిజం చెప్పెయ్యి. నాయనా, ఇది చెట్టు గుణం, సామి మాట కాదు, మల్లడుగుదాం అను."

"అంటే, 'రెండు పొట్లాలూ ఈ చెట్టువే ఎందుకయినాయి' అంటాడు."

"అది గూడా నిజమే."

"సామిని మోసం చేసినానని తెలిస్తే మా నాయన నా మొగం చూడడు. నాకు ఏడుపొస్తాంది రేష్మా. ఉత్తుత్తి ఏడుపు కాదు. నాకు మధే కావాల. వాడు తప్ప ఇంగెవరూ వద్దు."

"ఉష్! మెల్లగ. మీ నాయన వస్తాండాడు."

"రేష్మా పాపా, మీయమ్మ ఇంకా రాలేదా?"

"రాలే ఓబయ్య మామా. కూచో, టీ పెడతా."

"టీ కాదు, సంగటుంటే ఇంత పెట్టమ్మా. భువన వాళ్లమ్మ సుంకులమ్మ రాత్రి నుంచి పొయ్యి ముట్టించలే. 'పో, జమ్మలమడుగుకు పోయి నీ చెల్లెలింట్లో తిను' అంటాది. ఏం పాపా భువనా, ఈడుండావా?"

"ఊ."

"ఏంది ఊ? నిన్న గండి కాన్నుంచి ఎర్రగుంట్ల దాకా నోరు తెరవలే. ఎర్రగుంట్ల కాన్నుంచి ఇంటిదాకా తెరవలే."

"తెరిచి ఏం చెప్పాల నాయనా? సామి చెప్పె కదా."

"నువ్వు అరుస్తావనుకున్యా. ఎగిరెగిరి అరిచింటే నేను గూడా నాలుగు మాటలని సుబ్బరంగా నిద్రపోయేటోన్ని. నువ్వు పుట్టినప్పట్నుంచి ఈ నోరు మూతపడింది నేను చూడలే. అట్ల కిటికీలోంచి బయటికి చూస్తా కూచుంటే రాత్రంతా నాకు నిద్ర పట్టలే."

"అత్తకు ఫోన్ చేసినావా?"

"చేయలే. చెయ్యి రాలే."

"నాయనా... ఇంకొక్క తూరి సామిని అడుగుదామా?"

"యాల? ఎర్రదొచ్చె కదా."

"పూలు... పూలు బాగలేవు. వాడిపోయినాయి. వాడిన పూలతో అడిగితే సామికి కోపమొస్తాది. కదా రేష్మా?"

"నన్నడుగుతావేంది మే, మీ సామి సంగతి నాకేం తెలుసు? కోపమే మామా. శానా కోపం."

"సరే. వచ్చే శనివారం పోదాం."

"నిజంగానా నాయనా? ఈ తూరి బజార్లో కొందాం. ఒక తెల్ల గులాబీ, ఒక ఎర్ర గులాబీ. నువ్వే కట్టు. నేను ముట్టుకోను గూడా."

"బజారు పూలెందుకు? ఈ చెట్టుకేమొచ్చె? నేను దినామూ ఈ గోడ పక్కనే మేకలు తోలుకపోతాండా. పొద్దున ఎట్లుంటాయో చూస్తాండా, మాపు ఎట్లయితాయో చూస్తాండా. నిన్న మన దొడ్డి కాడ ఒక్క ఎర్ర పువ్వూ తెగలేదని గూడా చూసినా."

"నాయనా!"

"ఏంది? పోయిన తూరి మాదిరే రెండు పొట్లాల్లోనూ ఈ తెల్లవే కట్టు. ఈ తూరి పోంగానే అడుగుదాం, పొద్దున్నే."