విరిగిన యాక్సిల్

అది ఎనభై ఒకటి వేసవి. నంద్యాలలోని తన షెడ్డులో మెకానిక్ పీరా, ఫ్యాక్షన్ నాయకుడైన ఒక ఆసామి చెడిపోయిన జీపు పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ జీపు నడిపిన తన భర్తను ఆ వారమే సమాధి చేసిన లూదియా ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"పీరన్నా, జీపును మా ఆయన కావాలనే ఆపినాడని ఆసామి ఊరంతా చెప్తాండాడు. పగోళ్లకు అమ్ముడుపోయినాడంట."

"అమ్ముడుపోయినోడు వాళ్ల చేతుల్లోనే యాల సస్తాడమ్మా?"

"ఆసామి చేలల్లో పడి తప్పించుకున్యాడు. ఈయన స్టీరింగు కాడే దొరికినాడు. బండి నిజంగా యాల ఆగింది?"

"వెనక యాక్సిల్ విరిగింది. పగోళ్లకు అందకుండా పోవల్లని ఆసామి రెండింతల బలమున్న ఇంజను పెట్టించినాడు. యాక్సిల్ మాత్రం పాతదే. అది ఆ బలానికి ఆగదు, మార్చల్లని నేనూ చెప్పినా, మీ ఆయనా చెప్పినాడు. ఇనలే."

"ఆయన తప్పు లేదని ఎట్ల తెలుస్తాది?"

"ఈడ చూడు. విరిగిన చోట సగం తుప్పు పట్టింది, సగం తెల్లగా మెరుస్తాంది. పగులు ఎప్పటిదో. ఆ పొద్దు మిగిలిన సగం తెగింది. తీసుకపోయి చూపించు."

"నేను చూపిస్తే ఎవురు నమ్ముతారన్నా? నా బిడ్డల్ని ద్రోహి బిడ్డలంటాండారు. నువ్వొచ్చి చెప్పు."

"చెప్తే ఆసామి నన్ను బతకనీడమ్మా."

"తెలుసన్నా. అయినా అడగనీకి నాకు ఇంకెవురున్నారు?"

పీరా యాక్సిల్ ముక్కను గోనెపట్టలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"బస్టాండు కాడ ఉండు. ఇంటికి పోయి, పిల్లోళ్లను ఒకసారి చూసుకోని వస్తా."