మొదటి బరువు

కెనడాలోని విన్నిపెగ్‌లో బస్ షెల్టర్ కింద ఇద్దరు తెలుగు ఆడవాళ్లు కూర్చున్నారు, ఒకే కాలేజీలో చదువుతున్నవాళ్లు. పెద్దామె మోకాళ్లు చలికి పట్టేశాయి. ఇక్కడికి రాకముందు ఆమె ఓ చిన్న ద్వీప దేశానికి వెయిట్‌లిఫ్టింగ్ కోచ్.

"ఈసారి రెజ్యూమేలో మీ టీమ్‌కి కాంస్యం వచ్చిందని రాసెయ్ అక్కా. ఎవడు చూడొచ్చాడు?"

"ఆ దేశానికి ఏ ప్రాంతీయ క్రీడల్లోనూ పతకం రాలేదమ్మా. నేను వెళ్లేదాకా లిఫ్టింగ్‌లో స్కోరు కూడా లేదు."

"స్కోరు లేకపోవడం ఏంటి?"

"మూడు ఛాన్సుల్లో ఒక్కటైనా ఎత్తకపోతే లెక్కలోకే రారు. అక్కడివాళ్లేమో పరువుకు పోయి మొదటే పెద్ద బరువు అడిగేవాళ్లు. ఒకసారి అడిగాక తగ్గించడానికి లేదు. మూడుసార్లూ పడేసి ఇంటికెళ్లేవాళ్లు."

"మరి నువ్వేం చేశావ్?"

"మా టీమ్ పిల్లతో అందరికన్నా తక్కువ బరువు అడిగించాను. హాల్లో నవ్వారు. అది ఎత్తింది. ఆఖరునే వచ్చింది గానీ, బోర్డు మీద పేరు పక్కన అంకె పడింది. మేం ఓడ దిగేసరికి రేవు నిండా జనం."

"ఆఖరున వచ్చినందుకా?"

"అంకె పడినందుకు."

చిన్నామె బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు తొంగిచూసింది.

"నిన్న వెళ్లిన జిమ్ వాళ్లేమన్నారు?"

"కోచ్‌గా వద్దన్నారు. మెషిన్లు తుడవడానికైతే రేపట్నుంచి రమ్మన్నారు."

"ఒక దేశానికి కోచ్‌వి అక్కా నువ్వు. వెళ్తావా?"

బస్సు వచ్చి ఆగింది. పెద్దామె మోకాళ్ల మీద చేతులాన్చి, మెల్లగా లేచింది.

"మొదట తక్కువ బరువే అడగాలమ్మా."