అడుగు పొడవు పెరిగిన మా పెద్దాయన

వెయ్యి తొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పంతొమ్మిదో తేదీ, సోమవారం ఉదయం, ఇరవై నాలుగేళ్ళ వయసులో మా సర్వే కార్యాలయంలో సహాయ సర్వేయరుగా అడుగుపెట్టి, ముప్పై ఆరు సంవత్సరాల నిరంతర సేవానంతరం ప్రధాన సర్వేయరుగా పదవీ విరమణ చేస్తున్న మా పెద్దాయనను అభినందించే భాగ్యం నాకు దక్కింది. ఆయన చేత తిట్లు తిన్నవారిలో అగ్రగణ్యుణ్ణి కనుక ఈ గౌరవానికి నేనే అర్హుణ్ణని సహోద్యోగులు ఏకగ్రీవంగా తీర్మానించారు.

తొలి దశాబ్దంలో వారు నదీతీర భూములను, మలి దశాబ్దంలో నగర విస్తరణకు అవసరమైన రహదారులను కొలిచారు. హద్దురాయి కనబడకపోతే ముళ్ళకంపలోకి తామే దూరేవారు గాని కిందివారిని పంపేవారు కారు. క్రమంగా పదోన్నతులు వచ్చాయి, జీపు వచ్చింది, ఆ రెండింటి పుణ్యమా అని బొజ్జ కూడా వచ్చింది.

వారి యాభై ఒకటో ఏట, జనవరి నెలాఖరున, వైద్య బోర్డు వారి వాచిన మోకాళ్ళనూ, చక్కెరనూ, ఆయాసాన్నీ పరీక్షించి కఠినంగా తీర్పు చెప్పింది. అక్టోబరు దాకా చదునైన నేలలో మాత్రమే పని. అప్పుడు అయిదు కిలోమీటర్ల ఎగుడుదిగుడు దారిని గంటలోపు నడవలేకపోతే, శాశ్వతంగా పటాల విభాగంలో బల్ల ముందు ఉద్యోగం. మరొకరికి అది విశ్రాంతి. క్షేత్రమే ప్రాణమైన ఆయనకు అది శిక్ష.

"రేపటి నుంచి నడుస్తా" అని వారం రోజులు అన్నారట. "మీ రేపు ఏ కేలెండర్లో ఉందో చూపించండి, గోడకి తగిలించుకుంటాను" అన్నారట మేమందరం అక్కయ్యగారని పిలుచుకునే వారి శ్రీమతి. మర్నాడు అయిదున్నరకు బయల్దేరిన మనిషి వీధి చివర అరుగు మీద కూలబడ్డారు. అయినా మరునాడు అరుగు దాటారు. డాక్టరు చెప్పినట్లు కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడం పదితో మొదలుపెట్టి నలభైకి తెచ్చారు. వాన పడితే రికార్డు గది వరండాలో తిరిగారు. మేలో జ్వరం వచ్చి పదకొండు రోజులు మానవలసి వచ్చింది. "పోయిన పదకొండు రోజుల సంగతి ఎందుకయ్యా? పన్నెండో రోజు లేచానా లేదా, అది అడుగు" అన్నారు నాతో. వ్యాయామం గురించి అంతకన్నా పనికొచ్చే మాట నేనింతవరకూ వినలేదు.

ఇక ఆ సెప్టెంబరు ముచ్చట చెప్పి తీరాలి. మా కార్యాలయంలో ప్రతి సర్వేయరూ ఏటా జనవరిలో ప్రాంగణపు గోడ వెంట సరిగ్గా నూరు మీటర్లు నడిచి, ఎన్ని అడుగులయ్యాయో రాసుకుంటారు. పరికరం చూపిన దూరంలో పెద్ద పొరపాటు దొర్లితే నడిచి పట్టుకోవడానికి అది ఉపకరిస్తుంది. ఆ ఏడు పెద్దాయన లెక్క నూట నలభై రెండు. ఒక పొలం గట్టును నేను పరికరంతో కొలిస్తే అయిదు వందల మీటర్లు వచ్చింది. ఆయన నడిచి చూసి, తన లెక్కతో నాలుగు వందల అరవై ఒకటే అన్నారు.

"ముప్పై తొమ్మిది మీటర్లు ఎక్కడి నుంచి పుట్టించావు నాయనా?"

"కొలిచిందే చెప్పాను సార్."

"మళ్ళీ కొలువు!"

మండుటెండలో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అయిదు వందలే. చివరికి కొలత టేపు పట్టుకునే మా సహాయకుడు నోరు విప్పాడు: "సార్, ఈయన్ని తిట్టకండి. మీరిప్పుడు నడుస్తుంటే మీ వెనక నేను పరుగెత్తాల్సొస్తోంది. ఓసారి గోడ దగ్గర చూసుకోండి."

సాయంత్రం కార్యాలయమంతా గోడ దగ్గర చేరింది. పెద్దాయన నడిచారు. నూరు మీటర్లకు నూట ముప్పై ఒక్క అడుగులు! మోకాళ్ళ వాపు తగ్గి, ఎనిమిది నెలల నడకతో అడుగు సాగిందన్న సంగతి అడుగులు కొలిచే ఆయనకే తెలియలేదు. "తప్పు నాదేనయ్యా" అంటూ నా భుజం తట్టి, పసివాడిలా నవ్వారు. నా కళ్ళు చెమర్చాయి, ఎండదెబ్బని సర్దిచెప్పుకున్నాను.

అక్టోబరులో బోర్డు ఎదుట ఆ అయిదు కిలోమీటర్లను యాభై ఒక్క నిమిషాల్లో ముగించారు. ఆ తరువాతి తొమ్మిదేళ్ళూ క్షేత్రంలోనే ఉన్నారు. కొండల నడుమ జలాశయానికి నలభై రెండు కిలోమీటర్ల సరిహద్దును కాలినడకన నిర్ణయించిన ఘనత వారిదే; ఆ పటం మీది సంతకమూ వారిదే.

మొన్న జనవరిలో వైద్య బోర్డు నన్ను కూడా పిలిచింది. నా మోకాళ్ళ గురించి వాళ్ళన్న మాటలు నేనెవరికీ చెప్పలేదు, ఆయన ఎలా పసిగట్టారో గాని "సోమవారం అయిదున్నరకి మీ గేటు దగ్గరుంటా, బూట్లు వేసుకుని రా" అన్నారు. నాకింకా పదకొండేళ్ళ సర్వీసుంది. అందువల్ల మా పెద్దాయన అక్కయ్యగారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. అందులో రాబోయే పదకొండేళ్ళు మా గేటు దాకా రావాలని స్వార్థంతో వేడుకుంటున్నాను.