నేల గట్టిగా ఉన్న బండి

అధ్యక్షత వహించిన మా షెడ్డు యజమాని గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన పాత కార్ల సంఘం పెద్దాయనకు, పని ఆపుకుని వచ్చిన పక్క షెడ్ల మిత్రులకు, నాతోపాటు రేకులు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్న నా వాళ్లందరికీ, ముందు వరుసలో కూర్చుని "తొందరగా కానివ్వండి" అని చేత్తో సైగ చేస్తున్న మా ఆవిడకూ నమస్కారం. (నవ్వులు)

రిటైరయ్యేవాడు నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా అని ఇంటి దగ్గర ఒక ఉపన్యాసం తయారుచేసుకుని, అద్దం ముందు నిలబడి చదువుకుని మరీ వచ్చాను. ఇందాక మీరంతా చప్పట్లు కొట్టి ఆ కారు మీది ముసుగు తీశాక అందులో ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఇప్పుడేం మాట్లాడతానో నాకే తెలియదు. కాస్త సర్దుకోండి.

ఆ బండి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా మామగారికి ఒక కారు ఉండేది. మామగారు కాకముందు ఆయన నా ప్రాణం తీసిన ఖాతాదారు. నేను టింకరింగు నేర్చుకుంటున్న రోజుల్లో దాని వెనక మడ్‌గార్డు సొట్ట తీయమని నాకిచ్చారు. ఒక సొట్ట తీయబోయి నాలుగు చేశాను. ఆయన ఊరుకునే మనిషా! మళ్లీ తెచ్చారు, మళ్లీ తెచ్చారు. తెచ్చినప్పుడల్లా వెనక సీట్లో ఎడమపక్క ఒకమ్మాయి, కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చుని ఉండేది. ఏం పొగరు ఈ పిల్లకి అనుకున్నాను. తర్వాత తెలిసింది, అక్కడ బండి నేల తుప్పు పట్టి చిల్లు పడిందనీ, కిందికి చూస్తే రోడ్డు పరిగెత్తుతూ కనబడుతుందనీ. ఒక్క సొట్ట తీయడానికి అన్నాళ్లెందుకు పట్టిందని అప్పట్లో మన యజమాని గారి నాన్నగారు తెగ తిట్టేవారు. ఎందుకో మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది. (నవ్వులు) ఆవిడ కూడా నవ్వుతోంది, చూడండి.

మామగారు పోయాక ఆ బండి మాకొచ్చింది. బాగుచేద్దామని షెడ్డు వెనక పెట్టాను. ఊళ్లోవాళ్ల బళ్లన్నీ బాగయ్యాయి గానీ మా బండి వంతు రాలేదు. సొంత పని ఎప్పుడూ రేపేగా. ఎలాగో ధైర్యం చేసుకుని, విడిభాగాల కోసం అదే రకం బండి ఇంకొకటి కొని దాని పక్కన పెట్టాను. అలాంటి బండిని మేం 'దాత' అంటాం. దాని ఒళ్లు కోసి దీనికి అతుకుతాం, దాని పళ్లు పీకి దీనికి కడతాం. మొదలుపెట్టబోతుండగా నా మోకాలు మొరాయించింది, ఆపరేషనన్నారు, నెలల తరబడి మంచమెక్కాను.

ఆ నెలల్లో వీళ్లంతా కూడబలుక్కుని, నాకు తెలియకుండా మామగారి బండిని లేపి నిలబెడదామనుకున్నారు. తాళాలిచ్చింది మా ఆవిడే. మా ఎలక్ట్రీషియన్‌కి సైలెన్సరని పేరు పెట్టింది నేనే, అతను నోరు విప్పడు సరే. నోట్లో నువ్వుగింజ నానని మా పెయింటరు కూడా ఇన్నాళ్లు ఎలా ఆపుకున్నాడో నాకర్థం కాదు. (నవ్వులు)

ముసుగు తీయగానే నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఆ ముదురాకుపచ్చ రంగు, ఆ గుండ్రటి దీపాలు! దగ్గరికెళ్లి వెనక మడ్‌గార్డు కిందికి చెయ్యి పోనిచ్చి లోపలివైపు తడిమాను. పైన ఎంత నునుపు చేసినా లోపలివైపు ఎవరూ పాలిష్ చెయ్యరు. నా సుత్తి దెబ్బలు అక్కడుండాలి. లేవు.

మా ఫోర్‌మన్ పక్కనే నిలబడి, పొంగిపోతూ, "గురువుగారూ, మీరు నేర్పినట్టే చేశాం. నేల గట్టిగా ఉన్నదాన్నే నిలబెట్టాం" అన్నాడు.

అంటే నిలబడింది దాత. కోసింది మామగారి బండిని. ఇంజను, స్టీరింగు, వెనక సీటు ఆయనవి; ఒళ్లు మాత్రం ఎవరిదో. "మిగతాది ఏదిరా?" అంటే, "పాత ఇనుముకి వేసేశాం గురువుగారూ" అన్నాడు.

చెప్పేస్తున్నాను, ఒక్క క్షణం కోపమొచ్చింది. తర్వాత ఎవరిమీద కోపమో తెలియలేదు. అదుగో, వాడి మొహం పాలిపోయింది. ఒరేయ్, తలెత్తు. నువ్వేం తప్పు చేశావు? రెండు బళ్లుంటే నేల గట్టిగా ఉన్నదాన్ని బతికించు, ప్రేమలకు వెల్డింగు అతకదు అని మీ అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది నాకే. ఇంకొకరి బండైతే నేనూ అదే చేసేవాణ్ణి. ఇదైతే... ఏమో, చిల్లులన్నీ పూడ్చుకుంటూ ఎన్నాళ్లైనా మామగారి రేకునే పట్టుకుని వేళ్లాడేవాణ్ణి. మీకు చెప్పింది అబద్ధమా, నాకనిపించేది అబద్ధమా? మీకు దండం పెట్టాలా, మీతో పోట్లాడాలా? రెండూ చెయ్యాలనే ఉంది.

ఇక అసలు భయం. ఈ మాట ఇంటికెళ్లి మా ఆవిడకి ఒంటరిగా చెప్పే ధైర్యం నాకు లేదు. ఆవిడకి వాళ్ల నాన్న గుర్తుగా మిగిలింది ఆ బండొక్కటే. ఇంతమంది మధ్య ఏమీ అనదులే అని ఇక్కడే చెప్పేశాను. ఇదిగో, విన్నావుగా. అది మీ నాన్న బండో కాదో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

లేచింది. అటు కాదు, గుమ్మం వైపు కాదు, కారు దగ్గరికే వెళ్తోంది. దారివ్వండి బాబూ. పెయింటరూ, ఆ తలుపు తియ్యి. ఎడమపక్కది.

కూర్చుంది. సీటు మీద చెయ్యి వేసి చూసుకుంటోంది.

చూశారా? కాళ్లు పైకి పెట్టుకుంది.

ఇదిగో, కాళ్లు దించు! నేల గట్టిదే, మా వాళ్లు చూసే పెట్టారు!

ఏమంటోంది? సైలెన్సరూ, నువ్వు దగ్గరున్నావు, ఈ ఒక్కసారికీ నోరు విప్పు. ఏమంది? "నాన్న ఉన్నప్పుడు ఇలాగే కూర్చునేదాన్ని. మీ గురువుగారిని మాటలు ఆపి బండి తియ్యమనండి" అందా?

సరే. పెద్దలారా, నాకింకా ఏమీ తేలలేదు. ఆవిడకి తేలినట్టుంది. ఫోర్‌మనూ, తాళం ఇలా తే. నాకు ఇల్లు కట్టిపెట్టినంత పని చేశారు, అందరికీ కృతజ్ఞతలు. ఈ మోకాలు క్లచ్ తొక్కుతుందో లేదో. తొక్కకపోతే తోయడానికి మీరున్నారు. ఆవిడ కాళ్లు దించకముందే బయల్దేరతాను. సెలవు.