ధారావి పత్తా మీద పోయిన నర్సు సీటు

"అత్తా, నువ్వు నర్సు చదువు సగంల ఎందుకు ఇడిసినవ్?" అంటున్నవా? నేను ఇడువలేదు బిడ్డా, సీటే చెయ్యి జారింది. నీ కాలేజీ మార్చుకునే తిప్పలు చూస్తుంటే నాకూ అదే యాదికొస్తున్నది. కూసో, చెప్త. ఆ ఫ్యాను జర తగ్గియ్యి, నా గొంతు నాకే ఇనవడుతలేదు.

పాలమూరుల మా అమ్మమ్మ ఇంట్ల ఉండి మొదటి ఏడు చదివిన. మీ నాయన అప్పటికి ఈడ బొంబాయిల మా నాయన దగ్గరనే ఉండి, లాగు తొడుక్కొని గల్లీల గోటీలు ఆడుతుండె. ఇంతల అమ్మమ్మ సచ్చిపోయింది. ఆడ ఇంకెవరున్నరని మా నాయన వచ్చి నన్ను బొంబాయికి తోలుకొచ్చిండు. మిగిలిన చదువు ఈడ్నే చదువుతనని నేనూ ఎగురుకుంట వచ్చిన.

కని ఈడ ఎవరు చేర్చుకుంటరు? సర్కారు దవాఖానల మళ్ల మొదటిసంది చదువమన్నరు, అదిగూడ ఈడి పిల్లలకే ముందు అన్నరు. ప్రైవేటుల ఫీజు ఇని మా నాయన నన్ను తోలుకొని ఎనుకకు మర్రిండు. నాకా మీద, కూలోళ్ల అడ్డా మీద, నిలవడి కూలికి పోయేటోడాయె, ఏడికెల్లి తెస్తడు? పొద్దంతా తిరిగి తిరిగి గ్రాంట్ రోడ్ల ఇద్దరం కలిసి ఒక్క చాయ్ తాగేది. చాయ్ పావలా ఉండె... కాదు కాదు, అప్పటికే అర్ధరూపాయి అయింది.

ఆఖరికి ఒక కిరస్తానీ మిషను దవాఖాన దొరికింది. ఆడి పెద్ద సిస్టరు, మలయాళీ ఆమె, నా మార్కులు చూసి సక్కగ రెండో ఏట్లనే కూసోమన్నది. ఫీజు లేదు, తిండి వాళ్లదే, పండనీకె జాగ వాళ్లదే. నిజంగ బీదోళ్లా కాదా అని ఒక్కసారి ఇంటికొచ్చి చూస్తమన్నది. మేముండే పత్తా చెప్పుమన్నది.

ఇగ ఆడ వచ్చింది తంటా, మన ఇల్లేమో ఈ కామాఠిపురల ఉండె. కామాఠిపుర అంటే బయటోళ్లు మొఖం ఎట్ల పెడతరో నీకెరుకనే గదా. ఫాక్‌లాండ్ రోడ్ దిక్కు గిరాకీల కోసం నిలవడే ఆడోళ్లే వాళ్లకు యాదికొస్తరు, మన కాపురాలుండే చాళ్లు రావు. మన కామాఠోళ్లు తట్టలు మోసి ఈ బొంబాయి కట్టిన్రు, మన పేరే ఈ జాగకు వడ్డది, ఆ పేరు మనమే దాస్తిమి. ఎవరడిగినా పక్కనున్న గ్రాంట్ రోడ్ పేరు చెప్పేది, అందరిదీ గదే కథ. మా నాయన ఇంకో అడుగు ముందుకేసి, నేను నోరు తెరువకముందే ధారావిల ఉండే మా చిన్నాయన పత్తా చెప్పిండు. బిడ్డకు మచ్చ రావద్దని గదా, పాపం.

చిన్నాయనకు చెప్పి పెట్టినం, ఎవరన్న వస్తే పిల్ల ఈడ్నే ఉంటది అనుమని. గా వారమే చిన్నమ్మకు పానం బాగలేదని వాళ్లు ఊరికి వోయిన్రు. సిస్టరు పోయి చూస్తే తాళం. పక్క ఖోలి, అదే పక్క అర్ర వాళ్లు అసుంటి పిల్ల ఈడ లేదన్నరు.

మేం పోయేసరికి సీటు ఇంకో పిల్లకు ఇచ్చిన్రు. నాయన చేతులు జోడించి ఉన్నదున్నట్టు చెప్పిండు. ఆమె కోపం చెయ్యలేదు, చేస్తే బాగుండు. "కామాఠిపురనా? మందుల పెట్టె వట్టుకొని వారం వారం మేం అక్కడికే వస్తం గదా. ఆ పేరు చెప్తే నేను రాకపోదునా?" అన్నది హిందీల. అప్పుడు నాయన మొఖం... ఏం చెప్పాలె బిడ్డా. ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది.

వచ్చే ఏడు రమ్మన్నది ఆమె. ఏడు తిరగకముందే నాయన కట్టే బిల్డింగు మీదికెల్లి పడి మంచం వట్టిండు. నేనే చూసుకున్న. నేర్సుకున్న ఆ ఒక్క ఏడు చదువు ఆయనకే అక్కరకొచ్చింది, ఈపుకు ఒక్క పుండు కానియ్యలేదు. పక్క తిప్పినప్పుడల్లా "నా నోటితోటి నీ బతుకు ఆగం జేసిన బిడ్డా" అని ఏడ్సేది. నువ్వేం జెయ్యలేదు నాయనా అంటే ఇనకపోయేది. పోయేదాక గదే మాట.

ఊకో, నువ్వెందుకు ఏడుస్తవ్. నీకు సీటొస్తది, సల్లగ బతుకుతవు బిడ్డా. ఇల్లు చూస్తమని కాలేజోళ్లెవరన్న అంటే ఈ కామాఠిపుర పత్తానే చెప్పి రమ్మను. నేను యాడికి పోను, ఇంట్లనే ఉంట...