తలుపు మీద తుఫానును తెచ్చినవాడు

నేనేదో గొప్పలు పోవడానికి చెప్పట్లేదు డాన్ అబుందియో. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా. మడుగు సముద్రంలో కలిసే మొగ ఎవరు తెరిచారని అడిగారు, నేనే తెరిచానన్నాను. అంతే, ఒక్క ముక్క. పార ఉంది, చేతులున్నాయి, తవ్వాను. ఇరవైమంది మగాళ్లు రెండ్రోజులు తవ్వే ఇసుక మేటని ఒక్కణ్ణే గంటన్నరలో తవ్వానంటే, అది వేరే సంగతి. దాన్ని నేను పెద్దగా పట్టించుకోను.

"గంటన్నరా?" అన్నాడు నికానోర్, నోట్లోంచి చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెడుతూ. అతను ఆ రేవులో పడవ నడుపుతాడు.

గంటన్నర. మధ్యలో చుట్ట కూడా తాగాను, అన్నాడు తిబుర్సియో.

కొబ్బరాకుల పందిరి కింద నలుగురం నవ్వాం. పందిరి డోన్యా క్రెసెన్సియాది. మూడు బల్లలు, ఒక పొయ్యి, కుండలో దాల్చినచెక్క వేసిన కాఫీ. ఎదురుగా నూరడుగుల దూరంలో, తొమ్మిది నెలలుగా ఇసుక మేటవేసి మూసుకుపోయిన మొగలోంచి మడుగు నీళ్లు ఎర్రగా సముద్రంలోకి పోతున్నాయి. మంగళవారం తుఫానులో ఎవరో ఆ మొగ తెరిచారు. ఎవరో చూసినవాడు లేడు, ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంది. సముద్రం ఆటుకి తిరగ్గానే తొలి వల పడాలి, ఈలోపు తెరిచిందెవరో జాలర్ల సంఘం పెద్ద డాన్ అబుందియో పేరు చెప్పాలి.

మన శాన్ తెల్మోలో పుట్టినవాడికి వేరే చెప్పాలా డాన్ అబుందియో, మొగ ఎవరు తెరిస్తే తొలి వల వాళ్లది. తొలి వల ఎవరిదైతే రేవులో పడవ చోటు ఆ ఇంటిది. డోన్యా క్రెసెన్సియా మొగుడు నబోర్ పోయి రెండేళ్లయింది. అతని చోటు ఇన్నాళ్లూ ఉంచారు, ఇవాళ్టితో గడువు అయిపోతోంది. డోన్యా క్రెసెన్సియా, నువ్వు నా వైపు అలా చూడకు కొమాద్రే. నీ బిడ్డ బాప్తిస్మంలో జ్ఞానతండ్రిని నేనే, అందుకేగా నిన్ను కొమాద్రే అంటాను, నబోర్ నాకు తమ్ముడి కంటే ఎక్కువ. కానీ రేవులో చోటు ఊరికే పడుంటే ఎలా? నాకు చోటు లేదాయె. నేను తెరిచాను, నేను అడుగుతున్నాను.

క్రెసెన్సియా పెనం మీద చేపని తిరగేసింది.

సరే, మొదట్నించీ వినండి. పోయిన గురువారం చేపలకి వెళ్లాను. నలభై మైళ్లు దాటాక చూస్తే, నీళ్ల మీద ఒక మబ్బు పిల్ల. ఇంతే ఉంది, ఆ బల్ల మీది గుడ్డంత. రేడియోవాళ్లు దాన్ని అల్పపీడనం అన్నారు. విన్నారా, అల్పమట. పసిగుడ్డుని పట్టుకుని ఎవరైనా అల్పం అంటారా?

"ఒక్క మాట డాన్ తిబుర్సియో," అన్నాడు నికానోర్. "మీ పడవ రెండేళ్ల కిందటే మునిగింది కదా. దేని మీద వెళ్లారు?"

తలుపు మీద.

"ఏ తలుపు?"

మా ఇంటి తలుపు. మా తాత చేయించింది, పరోతా చెక్క, నాలుగంగుళాల మందం. బందుల నించి పీకి నీళ్లలో వేశాను. పడవ కంటే బాగా నడుస్తుంది, పైగా గొళ్లెం ఉంటుంది పట్టుకోవడానికి. నువ్వు మధ్యలో అడ్డం రాకు, నేను ఎక్కడున్నాను? ఆ, మబ్బు పిల్ల దగ్గర. దాన్ని చూస్తే జాలేసింది. ఇటు రెండడుగులు తిరిగి పడిపోవడం, అటు రెండడుగులు తిరిగి పడిపోవడం. తుఫాను ఏం తింటుందో తెలుసా మీకు? వెచ్చటి నీళ్లు తాగి బతుకుతుంది. ఆ రోజు నీళ్లు అంత వెచ్చగా లేవు. నా దగ్గర ఫ్లాస్కులో కాఫీ ఉంది, కొమాద్రే పెట్టిన కాఫీయే, దాని కింద పోశాను. తాగింది. తాగి ఒక్క చుట్టు తిరిగింది చూడండి, నా టోపీ ఎగిరి గ్వాటెమాలాలో పడింది.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేడియోవాళ్లకి కనబడింది. వాయుగుండం అన్నారు, ఒక నెంబరిచ్చారు. నాకు ఒళ్లు మండింది. నెంబరేంటండీ, జైల్లో ఖైదీకి ఇచ్చినట్టు? అప్పటికప్పుడు దోసిట్లో సముద్రపు నీళ్లు తీసి దాని నెత్తిన చల్లి, 'తెక్లా' అని పేరు పెట్టాను. మా అమ్మమ్మ పేరు. అలా దానికి జ్ఞానతండ్రినయ్యాను. సాయంత్రం రేడియో పెడితే ఏమన్నారు? తుఫాను తెక్లా అన్నారు. మీరంతా విన్నారా లేదా?

"విన్నాం," అన్నాడు డాన్ అబుందియో గడ్డం గోక్కుంటూ. "పేరు మాత్రం అదే."

చూశారా. కానీ బలం లేదు పాపం దానికి. పెద్ద తుఫాన్లకి నడిమధ్య కన్ను ఉంటుంది, దీనికి ఆ కన్ను తెరుచుకోనే లేదు. పుట్టుగుడ్డి. దారి తెలియక పడమటికి పోవడం మొదలెట్టింది. రేడియోవాడు ఏమన్నాడు? 'బలహీనమైన తుఫాను, తీరానికి రాదు, సముద్రంలోనే చెదిరిపోతుంది' అన్నాడు. ఆ మాట వినగానే తలుపు మీద కూర్చుని ఏడ్చాను, అబద్ధమెందుకు. మీకు గుర్తుంది కదా మన మడుగు ఎలా ఉందో.

అందరికీ గుర్తుంది. తొమ్మిది నెలలు చుక్క పడలేదు. మడుగు మరిగి ఆకుపచ్చగా అయింది. చేపలు పొట్టలు పైకి తేలాయి, ఆ కంపుకి పిల్లలు అన్నం ముట్టేవాళ్లు కాదు. క్రెసెన్సియా బావిలో బకెట్టు వేస్తే బురద వచ్చేది.

అందుకే, అన్నాడు తిబుర్సియో, సొరచేపల తాడు తీశాను. తుఫానుకి నడుమెక్కడో అందరికీ తెలియదు, నాకు తెలుసు. అక్కడ ముడివేసి, రెండో కొస పళ్లతో పట్టుకుని, తలుపుని ఇటు తిప్పి తెడ్డు వేశాను. మూడు పగళ్లు. దారిలో ఒక తిమింగలం వచ్చి సాయం పడతానంది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆదివారం తాడు తెగింది. ఏం చెయ్యను? నా బెల్టు విప్పి కట్టాను. మిగతా దారంతా ఒక చేత్తో తెడ్డు, ఒక చేత్తో ప్యాంటు.

నికానోర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. డాన్ అబుందియో క్రెసెన్సియాతో, "ఈయనకి ఇంకో కాఫీ పొయ్యమ్మా, నా లెక్కలో. ఇలా చెప్పేవాడు ఈ తీరంలో ఇంకొకడు లేడు," అన్నాడు. ఆమె పోసింది. రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని ఉంది, కుండ కాలుతుందని కాబోలు అనుకున్నాం.

మంగళవారం పొద్దున ఒడ్డు కనబడింది. దాని చెవిలో చెప్పాను, 'తెక్లా తల్లీ, ఇళ్ల కప్పులు తీసుకో, అరటి చెట్లు తీసుకో, వంతెన దగ్గర రోడ్డు తీసుకో. మనిషిని మాత్రం ముట్టుకోకు' అని. ముట్టుకుందా? ఊళ్లో ఎవరికైనా గీత పడిందా?

"నా ఇంటి కప్పు సంగతి కూడా మీరే చెప్పారా?"

పాతదైపోయింది కదా నికానోర్.

ఇక కొండల మీదికెక్కబోయింది. దానికి ఆయాసం. నీళ్లు మోసుకుని కొండ ఎక్కడం మాటలా? సగం ఎక్కి, మోస్తున్నదంతా కుమ్మరించేసింది. ఆ వాన మీరూ చూశారు. వాగు మడుగులోకి దూకింది. మడుగు పొంగింది, మొగ మూసి ఉంది, నీళ్లెక్కడికి పోతాయి? కొమాద్రే ఇంటి గడప దాటాయి. అప్పుడు నేను తలుపు ఒడ్డున వదిలేసి పార అందుకున్నాను. మడుగు వైపు నించి మొదలెట్టి సముద్రం వైపు తవ్వుకుంటూ పోయాను.

డాన్ అబుందియో తాగబోతున్న కాఫీ ఆపి కప్పు కింద పెట్టాడు.

ఎలా తవ్వానంటారు? పార కనబడలేదు, గాలి మాత్రమే కనబడింది. నేను ఎత్తిపోసిన ఇసుక అకాపుల్కోలో పడింది. అక్కడి హోటళ్లవాళ్లు కొత్త తీరం వచ్చిందని గొడుగులు పాతుకున్నారట. ఆఖరి పార వేశాను, మొగ తెరుచుకుంది, మడుగంతా ఒక్క ఊపున సముద్రంలోకి పోయింది. వెనక్కి చూస్తే తెక్లా కొండ మీద కూలబడి ఉంది. రేడియోవాడు మళ్లీ అల్పపీడనం అన్నాడు, సాయంత్రానికి ఆ మాట కూడా అనలేదు. నేను వెళ్లి దాని తల ఒళ్లో పెట్టుకున్నాను. 'మొగ తెరిచావా తండ్రీ' అంది. తెరిచానన్నాను. అలాగే పోయింది. ఆరు రోజుల బతుకు, కన్ను కూడా లేదు, కానీ మనకి ఏడాది తిండి పెట్టి పోయింది. పెద్ద పెద్ద తుఫాన్లు వచ్చాయి, ఏం చేశాయి? శవాలు లెక్కపెట్టించాయి. నాకు దాని మీద ఎంత గౌరవమో చెప్పలేను.

ఈ చివరి మాటలు అతను మెల్లగా అన్నాడు. డాన్ అబుందియో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మొగ దగ్గర నీళ్ల అంచు మెల్లమెల్లగా వెనక్కి జరుగుతోంది, ఆటు మొదలైంది.

"కొంపాద్రే," అంది క్రెసెన్సియా పొయ్యి దగ్గర్నించే, "ఆ తలుపు మంగళవారం మధ్యాహ్నం నేను తట్టాను."

తిబుర్సియో కాఫీలోకి చూశాడు.

"బందులకే ఉంది. లోపలి నించి మీరు రెండు చేతులా నొక్కి పట్టుకున్నారు. మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి, బిడ్డని బీరువా ఎక్కించాను, పార ఉంటే ఇవ్వండి కొంపాద్రే అన్నాను. మీరు తలుపు జానెడు తెరిచి, పార బయటికి తోసి, మళ్లీ వేసేసుకున్నారు. సందులోంచి మీ మేక కూడా కనబడింది. మంచం కింద ఉంది, మీ దుప్పటి కప్పుకుని."

నికానోర్ ఈసారి నవ్వలేదు. ఆమె పొయ్యి వెనక నించి పార తెచ్చి బల్లకి ఆనించింది. పిడి మీద కాల్చిన అక్షరాలు తిబుర్సియోవే. తర్వాత చేతుల గుడ్డలు విప్పింది. అరచేతుల్లో చర్మం లేదు.

"నబోర్ చెప్పేవాడు. సముద్రం వైపు మొదలెట్టు, మడుగు వైపు గట్టు చివరిదాకా ముట్టుకోకు, లేకపోతే నీళ్లు ముందే వచ్చి నిన్నూ కాలవనీ పూడుస్తాయి అని. ఎక్కడ మేట పలచనో కూడా చూపించాడు. నాలుగు గంటలు పట్టింది. ఆటు కోసం కాసేపు కూర్చున్నాను కూడా."

"మరి రెండ్రోజులుగా చెప్పలేదేం తల్లీ?" అన్నాడు డాన్ అబుందియో.

"మన ఊళ్లో ఆడది మొగ తెరిచిందని ఎప్పుడైనా విన్నారా? మీరంతా నవ్వుతారనుకున్నాను. ఈయన చెప్పేది వింటూ ఉంటే, ఇన్ని కోతలకీ నవ్వి ఊరుకున్నవాళ్లు నన్నేం చేస్తారులే అనిపించింది."

డాన్ అబుందియో ఆ అరచేతుల్ని చాలాసేపు చూశాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పార తిబుర్సియోది," అన్నాడు. "తవ్వింది క్రెసెన్సియా. తొలి వల ఆమెది. రేవులో చోటు నబోర్ ఇంటిదే."

ఆమె లోపలికి వెళ్లి రెండేళ్లుగా దూలానికి వేలాడుతున్న వల దించింది. దులిపితే దుమ్ము రేగింది. నికానోర్ కొబ్బరి నూనె తెచ్చి ఆమె అరచేతులకి రాశాడు, తన గుడ్డలు చింపి కట్టాడు. ఆమె మొగ వైపు నడిచింది, మేమంతా వెనక నడిచాం.

తిబుర్సియో కూడా వచ్చాడు. ఎవరూ అడక్కుండానే బుట్ట పట్టుకున్నాడు. కొంత దూరం నడిచాక గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట అడుగుతా కొమాద్రే. పొద్దున్నించీ నేనింత గొంతు చించుకోకపోతే, నువ్వు నోరు విప్పేదానివా? అసలు నేనెందుకు చెప్పాననుకుంటున్నావ్?"

మేమందరం నికానోర్ వైపు చూశాం, ఏదో ఒకటి అంటాడని.

క్రెసెన్సియా నడుము లోతు నీళ్లలోకి దిగి వల భుజాన సర్దుకుంది. వెనక్కి తిరిగి అతని ముఖం కాసేపు చూసింది.

"విప్పేదాన్ని కాదేమో," అంది. "బుట్ట ఇంకొంచెం దగ్గరికి తీసుకురండి కొంపాద్రే."

అని వల విసిరింది.