ఆవగింజంత బాకా

శుక్రవారం పొద్దున. మలేసియాలోని పేరాక్ రాష్ట్రంలో, సున్నపురాతి గుట్టల మధ్య ఒక చెక్క ఇల్లు. చిన్నప్పుడు తనకు పాఠం చెప్పిన సల్బియా టీచరు ఇంటి మెట్ల మీద, ఆవిడ ఇచ్చిన టీ ముట్టుకోకుండా, లియోంగ్ జున్ హో అరగంట నుంచి కూర్చున్నాడు. వచ్చిన పని ఇప్పుడే నోట్లోంచి బయటపడింది.

"సంచా? ఏ సంచి?"

"గోనెసంచి, చిక్గూ. నురైన్ దగ్గర... ఆ రోజు నురైన్ వీపు మీద ఉన్నది. పోలీసులు మీకే ఇచ్చారట. స్టేషన్లో అడిగే వచ్చాను."

"టీ తాగు. చల్లారిపోతోంది."

"తాగుతాను. ఆ సంచి..."

"ముప్పయ్యేళ్లొచ్చాయి, ఇంకా చిక్గూ ఏమిట్రా?"

"మూడో తరగతి చెప్పిన పంతులమ్మని చిక్గూ అనక ఏమంటాను?"

"సుద్దముక్కలు తిన్నది నువ్వా, మీ అన్నా?"

"నేనే. నురైన్ తినమంది. నత్తలు సున్నపురాయి నాకి పెంకు కట్టుకుంటాయి, నువ్వూ తిని చూడు, వీపు మీద ఏమైనా మొలుస్తుందేమో అంది."

"మొలిచిందా?"

"కడుపునొప్పి వచ్చింది. పైగా మీరు బెత్తంతో కొట్టారు."

"దాన్నీ కొట్టాను."

"రెండు దెబ్బలు తక్కువ."

"కూతురని కాదు. అది ఏడ్చేది కాదు. ఏడవని పిల్లని ఎంతసేపని కొడతాం."

"చిక్గూ, మంగళవారం విచారణ."

"తెలుసు. పేపర్లో చూశాను."

"లెబాత్ గుట్ట సగం పోయింది. మిగిలిన సగం కూడా పేల్చుకోమని క్వారీవాళ్లకి అనుమతి ఇస్తారా ఇవ్వరా అన్నది ఆ రోజు తేలుతుంది. ఆ గుట్ట మీద తప్ప లోకంలో మరెక్కడా లేని ప్రాణి ఒకటుందని చూపిస్తే ఆపుతారు. ఆపకపోనూవచ్చు. కానీ చూపించడానికంటూ మన చేతిలో ఉన్నది నురైన్ కనిపెట్టిన నత్త ఒక్కటే."

"ఉంది కదా. చూపించండి మరి."

"దానికి పేరు లేదు. కొత్త ప్రాణిని వర్ణించి, అచ్చులో వేసి, పేరు పెడితేగాని కచేరీవాళ్ల దృష్టిలో అది పుట్టనే లేదు. నురైన్ అంతా రాసేసింది. కొలతలు, పెంకు చుట్లు, చుట్టు చుట్టుకీ ఎన్ని గీతలో, పదకొండు పేజీలు. బొమ్మలు నేను గీశాను. పత్రికవాళ్లు వేస్తామన్నారు. ఒక్కటే తక్కువ."

"ఏమిటి?"

"ఎదిగిన నత్త. మా దగ్గరున్న ఏడూ పిల్లలే."

"ఆవగింజంత లేవు. వాటిలో పిల్లేమిటి, పెద్దేమిటి?"

"పిల్లగా ఉన్నప్పుడు వీటి చుట్టాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎదిగాక ఆఖరి చుట్టు పెంకు నుంచి విడిపోయి, వెనక్కి తిరిగి, బాకాలాగా నోరు తెరుస్తుంది. ఆ బాకా ఎటు వంగిందన్నదే గుర్తు. అది లేకుండా, ఇది కొత్తదని నేను ఎన్ని ఒట్లు వేసినా ఎవరూ నమ్మరు. అలాంటి పెంకు ఒకదాన్ని మ్యూజియంలో నంబరు వేసి దాచాలి. ఆ పేరుకి అదే సాక్షి. ఉన్నంతకాలం."

"అలాంటిది ఒకటి ఉండేదిగా."

"ఆఁ?"

"పెద్దది దొరికిందని నురైన్ ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నీకే పంపింది."

"పంపింది. అవి ఎంత తేలికంటే చిక్గూ, మనం ఇలా ఊపిరి..."

"ఊఁ. ఊపిరి?"

"ఏం లేదు. పగిలిపోయింది అది."

"ఎలా?"

"దారిలో. తపాలాలో. సీసాలో దూది సరిగా పెట్టక..."

"నురైన్ దూది సరిగా పెట్టలేదా?"

"పెట్టింది. పెట్టింది లెండి. కుదుపులకి ఏదో..."

"క్వారీ సైరన్ మోగుతోంది. కప్పు పట్టుకో."

"ఏమిటి?"

"పట్టుకో ముందు. పళ్లెం కూడా."

"..."

"అయిపోయింది. ఇక వదిలెయ్యి."

"ఇక్కడిదాకా అదురుతుందా?"

"గోడ గడియారం రెండుసార్లు పడింది. మూడోసారి తగిలించలేదు."

"గుట్ట ఉత్తరపు వైపు ఇక లేదు చిక్గూ. దక్షిణపు వైపు కంచె వేసి కాపలా పెట్టారు. మూడుసార్లు దూకబోయాను. మూడోసారి పట్టుకుని చొక్కా చింపి పంపారు. ఆ గుట్ట మట్టి మన చేతికి అందేది ఇంకెక్కడా లేదు."

"అందుకని సంచి."

"అందుకనే సంచి."

"లేదు."

"లేదంటే?"

"ఎలకలు కొరికాయి. పారబోశాను."

"ఎక్కడ? పెరట్లోనా? పూలకుండీల్లోనా? చెప్పండి, కుండీ కుండీ దులిపి ఏరుకుంటాను. మళ్లీ మొక్కలన్నీ నేనే నాటి వెళ్తాను."

"కుండీల్లో కాదు."

"మరి?"

"బజ్జీ తిను. అరటిపండు బజ్జీలు, నీకోసమే వేశాను."

"సోమవారం సాయంత్రానికి ఫోటో, మ్యూజియం నంబరు అందకపోతే పత్రికవాళ్లు వ్యాసం తిప్పి పంపేస్తారు. మంగళవారం నేను వట్టి చేతులతో నిలబడాలి. చిక్గూ, మీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"లే. లేవరా. మీ అమ్మ చూస్తే నన్ను తిడుతుంది."

"మా అమ్మే పంపింది. అంగడి మూసేసి మరీ, పో, పోయి అడుగు అంది."

"ఆ మట్టి దాని మీద పోశాను."

"దేని మీద?"

"నురైన్ మీద. మూడో రోజున. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక. మా సమాధులు నువ్వు చూశావో లేదో. ముందు వట్టి మట్టికుప్ప, తలవైపు ఒక చెక్క, కాళ్లవైపు ఒక చెక్క. నేల కుదురుకున్నాక గాని రాయి పెట్టరు. ఆ మట్టి ఎర్రమట్టి. దానికి ఎర్రమట్టి గిట్టదు. ఎర్రమట్టిలో నత్తలుండవమ్మా, దాని మీద నడవడం కూడా దండగే అనేది. అందుకని గుట్ట మట్టి తీసుకెళ్లి పైన పరిచాను. సంచి మొత్తం."

"పైపైనే కదా?"

"జున్ హో."

"పైపైన ఒక్క గిన్నెడు..."

"నా బిడ్డ మీద గరిటె పెడతావా?"

"గరిటె కాదు, మెత్తటి బ్రష్షు. నేను ముట్టుకోను. మీరే తియ్యండి. కావాలంటే ఇమాముగారిని అడుగుతాను, ఆయన కాదనరు..."

"ఇమాము కాదనకపోవచ్చు. నేను కాదంటాను."

"నురైన్ అయితే సరేననేది."

"నురైన్ వచ్చి అంటే అప్పుడు చూద్దాం."

"వస్తాను చిక్గూ."

"తప్పుగా అన్నాను. కూర్చో."

"లేదు చిక్గూ. తప్పు నాది. వెళ్తాను."

"కూర్చోమన్నానా. దాని పేరేం పెట్టారు?"

"నత్తకా? గుట్ట పేరే. నురైన్ ముందే రాసి పెట్టింది."

"తన పేరు పెట్టుకోకూడదా?"

"రాసినవాళ్లు తమ పేరు తాము పెట్టుకోరు. అది మా శాస్త్రం వాళ్లలో పరువుతక్కువ."

"అయితే నా కూతురి పేరు ఎక్కడా ఉండదా?"

"ఉంటుంది. నత్త పేరు పక్కనే ఉంటుంది. ఇంకో వందేళ్లకి, ఏ దేశంలో ఎవరు ఆ నత్త గురించి రాసినా, దాని పేరు పక్కన నురైన్ అని, ఆ ఏడాది అని రాయాలి. రాసి తీరాలి. నురైన్ పేరు ముందు, నాది తర్వాత."

"పేరూ, ఏడాదీ."

"అంతే."

"రాయి చెక్కేవాడూ అదే అన్నాడు. పేరు, ఏడాది చెప్పండి, ఇంకేమైనా రాయాలా అని అడిగాడు. నలభయ్యేళ్లు పిల్లల చేత వ్యాసాలు రాయించాను. ఒక్క మాట తోచలేదు. ఆ ఆదివారం అది వానలో ఎందుకెళ్లింది?"

"సోమవారం ఉత్తరపు వైపు పేల్చేస్తారని. ఆ ఒక్క రోజే మిగిలిందని."

"ఎందుకెళ్లిందో నాకు తెలుసు. ఎవరు వెళ్లమన్నారు?"

"ఎవరూ... నేను. వెళ్లమని అనలేదు చిక్గూ. ఎదిగినది ఇంకొకటి లేకపోతే నీ పదకొండు పేజీలూ చిత్తుకాగితాలే అన్నాను. ఫోన్లో. వెళ్లమన్నట్టే కదా. రాయి మీద పాకుడు ఉంటుందని, కాలు జారితే అంతేనని నాకు తెలుసు. ఒక్కత్తీ వెళ్తుందనీ తెలుసు. నేనూ వస్తాను ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు."

"ఎందుకనలేదు?"

"సిగ్గేసి."

"సిగ్గెందుకు? తపాలాలో పగిలితే నీకెందుకు సిగ్గు? ఎలా పగిలిందన్నావు?"

"పట్టకారు. పట్టకారు జారి..."

"ఇందాక తపాలా అన్నావు. సరే పోనీ. ఒకటి చెప్పు. గంపెడు మట్టిలోంచి ఆ ఆవగింజల్ని ఎలా ఏరతారు? ఒక్కొక్కటీ చేత్తోనా?"

"చేత్తో అయితే ఏళ్లు పడుతుంది. మట్టిని ఎండబెట్టి బకెట్ నీళ్లలో పోస్తాం. మట్టి అడుక్కి దిగుతుంది. చచ్చిన నత్తల పెంకుల్లో గాలి ఉంటుంది, అందుకని అవి పైకి తేలతాయి. టీ జల్లెడతో తీసుకోవడమే."

"అదా సంగతి. నా జల్లెళ్లు మూడు పాడుచేసింది."

"నాలుగు. ఒకటి నా దగ్గరే ఉంది."

"తేలతాయా?"

"తేలతాయి."

"ఎండిన మట్టి మీద నీళ్లు పోసినా?"

"పోసినా అంతే. కొట్టుకొచ్చి ఒక వార చేరతాయి. ఎందుకు?"

"శుక్రవారం శుక్రవారం వెళ్తాను. పూలు వేసిన నీళ్లు కూజాతో పోస్తాను. తలవైపు నుంచి కాళ్లవైపుకి, ఒక్క ధారగా. మా పద్ధతి అది. ఈ పొద్దున కూడా పోసే వచ్చాను."

"కాళ్లవైపు ఏముంది చిక్గూ?"

"చుట్టూ గులకరాళ్లు పేర్చాను."

"రాళ్ల దగ్గర ఏమైనా చేరుతోందా?"

"నురగలాగా ఏదో చేరుతుంది. పూలరేకులు, చెత్త. తెల్లగా సన్నటి నూకలాంటిది కూడా. నా కళ్లకి అన్నీ నూకలే. చీమగుడ్లనుకున్నాను. రాళ్ల దగ్గర శుభ్రంగా ఉండాలని వేలితో తీసేస్తుంటాను."

"తీసి ఎక్కడ పారేశారు చిక్గూ? చెట్టు కిందా? దారిలోనా? చోటు చూపించండి చాలు."

"దాని మీద నుంచి వచ్చినదేదీ నేను పారెయ్యను. ఆ కిటికీ మీద చూడు. ఎడమ పక్క."

"తలనొప్పి మందు డబ్బానా?"

"అదే. ఆరు శుక్రవారాలవి ఉన్నాయి. మూత మెల్లిగా తియ్యి."

"నా భూతద్దం... ఎక్కడ పెట్టాను... తెల్లకాగితం ఉందా?"

"ఇదిగో. నిదానంగా."

"పిల్ల. పిల్ల. ఇది వేరే జాతి. ఇసుక. పిల్ల. విరిగింది. ఇదీ విరిగింది. పిల్ల..."

"తొందరపడకు."

"ఇసుక. పూలరేకు. పిల్ల. పిల్ల. లేదు చిక్గూ. అన్నీ పిల్లలే. ఇందులోనూ..."

"మూల మిగిలింది. అటు చూడు."

"పిల్ల. విరిగింది. పిల్ల... చిక్గూ."

"ఏమిటి?"

"చిక్గూ, ఇది వెనక్కి తిరిగింది. ఆఖరి చుట్టు విడిపోయి వెనక్కి తిరిగింది. నోటి అంచు కూడా చెక్కుచెదరలేదు. ఇదే. ఇదొక్కటి చాలు."

"ఏడవకు, తడి పడుతుంది. సీసా ఏది?"

"జేబులో. చొక్కా జేబులో. నేను కదిలితే..."

"నువ్వు కదలకు, నేను తీస్తాను. మొహం అటు తిప్పి అప్పుడు ఊపిరి వదులు. మొదటిది నీ ఊపిరికే ఎగిరిపోయిందనీ, రోజంతా నేల మీద దీపం పెట్టుకుని వెతికావనీ నురైన్ ఆ ఆదివారం బూట్లు కట్టుకుంటూ నాకు చెప్పే వెళ్లింది."